చలి ఉదయం మిస్సింగ్ కొట్టే కామన్ రైల్ డీజిల్ ఇంజిన్: లోపాన్ని వరుసగా పట్టుకునే విధానం

చలికాలం మొదలవగానే పాడేరు, చింతపల్లి, అరకు, ఆదిలాబాద్ వైపు బండ్లు నడిపేవారి నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. పొద్దున్నే స్టార్టు కాగానే ఇంజిన్ కుదుపుతుంది (దీన్నే మిస్సింగ్ కొట్టడం అంటారు), తెల్లటి పొగ వదులుతుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఏ లోపమూ కనిపించదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చమంటున్నారు, మార్చాలా అన్నది ఆ ప్రశ్న.

ఈ లోపానికి సాక్ష్యం రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటిసారి తిరిగే ఆ రెండు నిమిషాలు వృథా అయితే మళ్లీ మర్నాటి దాకా ఆగాల్సిందే. అందుకే కింది విధానంలో పరీక్షల సంఖ్య కంటే వాటి వరుసకే ప్రాధాన్యం ఇచ్చాను. ఇది ప్రధానంగా 12 వోల్టుల బ్యాటరీ, నాలుగు సిలిండర్లు ఉన్న కార్లు, జీపులు, పికప్ వ్యాన్ల కోసం రాసినది. లారీలకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

## 1. ముందుగా లక్షణాన్ని విడదీయాలి

"పొద్దున్నే సరిగా నడవడం లేదు" అన్న ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. మీ బండిది వీటిలో ఏదో కాగితం మీద రాసుకోండి.

- సెల్ఫ్ చాలాసేపు కొడితేగానీ అందుకోదు, అందుకున్నాక మామూలుగానే నడుస్తుంది: బ్యాటరీ, సెల్ఫ్ మోటారు వేగం, రైలులో (ఇంజెక్టర్లన్నింటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో) ప్రెషర్ ఆలస్యంగా పెరగడం.
- వెంటనే అందుకుంటుంది, కానీ ఒక సిలిండర్ పనిచేయనట్టు లయబద్ధంగా కుదుపుతుంది, తెల్లటి పొగ వస్తుంది, వేడెక్కాక పోతుంది: హీటర్ ప్లగ్ (చలిలో సిలిండర్‌ను వేడిచేసేది), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), లేదా ఒక ఇంజెక్టర్.
- అందుకుని, పది ఇరవై సెకన్లలో తడబడి ఆగిపోతుంది, రెండోసారి బాగానే నడుస్తుంది: ఇంధన లైనులోకి గాలి చేరడం.
- బాగానే స్టార్టయి, ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్లాక పికప్ చచ్చిపోతుంది: డీజిల్ గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోవడం.

పొగను కూడా గమనించాలి. కళ్లు మండించే, పచ్చి డీజిల్ వాసన వేసే తెల్లటి పొగ అంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్లింది గానీ మండలేదని అర్థం. వాసన లేకుండా గాలిలో వెంటనే కరిగిపోయేది వట్టి నీటి ఆవిరి. చలిలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కూ అది సహజమే. కొంచెం తియ్యటి వాసన వేస్తూ చాలాసేపు నిలిచే ఆవిరి అయితే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి. పొగ లేకుండా కేవలం వణుకు మాత్రమే ఉంటే, ఇంజిన్ మౌంట్ రబ్బర్లు చలికి బిగుసుకున్నాయేమో చూడకుండా బానెట్ కింద మరే భాగాన్నీ విప్పవద్దు.

## 2. ముందు రోజు సాయంత్రం చేయాల్సినవి

దగ్గర ఉంచుకోవాల్సిన సామాను:

- బండి కంపెనీకి తగిన లైవ్ డేటా చూపే స్కానర్ (రైలు ప్రెషర్, కూలెంట్ ఉష్ణోగ్రత, సిలిండర్ల వారీ ఇంధన సవరణ, అంటే ఒక్కో సిలిండర్‌కు డీజిల్ ఎంత ఎక్కువ తక్కువలు చేస్తోందో చూపగలిగేది)
- మల్టీమీటర్, డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్
- దూరం నుంచి వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- డీజిల్ పైపు కొలతకు సరిపోయే పారదర్శకమైన గొట్టం, క్లిప్పులు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, కాగితం, పెన్ను

బ్యాటరీతో మొదలుపెట్టండి. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక వోల్టేజీ 12.6 దగ్గర ఉండాలి. 12.4 కంటే తక్కువ ఉంటే రాత్రికే చార్జింగ్ పెట్టండి. బలహీనమైన బ్యాటరీతో చేసిన పరీక్షలో హీటర్ ప్లగ్‌లు, సెల్ఫ్ మోటారు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మూడూ తప్పుడు లక్షణాలే చూపిస్తాయి. బ్యాటరీ టెర్మినళ్లనూ, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ వైరునూ శుభ్రం చేసి బిగించండి.

స్కానర్ పెట్టి ఈసీయూలో ఉన్న లోపాల కోడ్‌లన్నీ రాసుకోండి, వాటిని చెరపకండి. పి0671 నుంచి పి0674 వరకూ ఉన్నవి వరుసగా ఒకటి నుంచి నాలుగో సిలిండర్ వరకూ హీటర్ ప్లగ్ సర్క్యూట్లకు సంబంధించినవి. పి0380 మొత్తం హీటర్ సర్క్యూట్‌ది. పి0087 రైలు ప్రెషర్ చాలడం లేదని, పి0117, పి0118 కూలెంట్ సెన్సర్ సర్క్యూట్ తప్పిందని చెబుతాయి. కోడ్ లేనంత మాత్రాన లోపం లేదని కాదు. పాత బండ్లలో హీటర్ ప్లగ్‌లన్నీ ఒకే రిలే కింద ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటి మాడినా ఈసీయూకు తెలియదు.

గాలి అనుమానం ఉంటే, ఫిల్టరు నుంచి హై ప్రెషర్ పంపుకు వెళ్లే లో ప్రెషర్ లైనులో పారదర్శక గొట్టాన్ని ఈ సాయంత్రమే అమర్చండి. తర్వాత ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, గొట్టం బిగించినప్పుడు చేరిన బుడగలన్నీ పోయాయని నిర్ధారించుకుని ఆపేయండి. తెల్లవారి బిగిస్తే, మీరు లోపలికి పంపిన గాలినే లోపంగా చదువుతారు.

క్లాంప్ మీటరును హీటర్ ప్లగ్‌లకు వెళ్లే మందపాటి వైరు చుట్టూ ఎక్కడ తగిలించాలో కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. చీకట్లో, చలిలో, టార్చి నోట పట్టుకుని వెతికే పని కాదది.

బండిని మీకు రోజూ ఇబ్బంది ఎదురయ్యే చోటే, ఆరుబయట, కనీసం ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి. ఇంట్లో వాళ్లకు, డ్రైవరుకు తాళంచెవి ఇవ్వవద్దు.

భద్రత: కామన్ రైల్ వ్యవస్థలో ప్రెషర్ మోడల్‌ను బట్టి 1,600 బార్ల (ఒక బార్ సుమారుగా వాతావరణ ఒత్తిడి అంత) నుంచి 2,000 బార్లు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొనంత కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాత డీజిల్ ఇంజిన్లలో మాదిరిగా, నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్సవుతోందో చూసే పద్ధతి ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజిన్ ఆపాక కూడా మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, స్కానర్‌లో ప్రెషర్ దిగిందని చూశాకే హై ప్రెషర్ పైపుల మీద చెయ్యి వేయాలి.

## 3. తెల్లవారి మొదటి స్టార్టు

ఈ భాగాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, అంకెలు రాసేందుకు ఇంకొకరిని పక్కన పెట్టుకోండి.

3.1 తాళం తిప్పకముందు. బ్యాటరీ వోల్టేజీ రాసుకోండి. క్లాంప్ మీటరును హీటర్ వైరుకు తగిలించండి. బయటి ఉష్ణోగ్రత రాసుకోండి.

3.2 తాళం ఆన్, సెల్ఫ్ కొట్టకుండా. ఇక్కడ రెండు విషయాలు చూడాలి. మొదటిది, కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత, ఇంధన ఉష్ణోగ్రత. రాత్రంతా నిలిచిన బండిలో ఈ మూడూ బయటి ఉష్ణోగ్రతకు మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. రెండోది, హీటర్ ప్లగ్‌ల కరెంటు. తాళాన్ని పదే పదే ఆన్, ఆఫ్ చేయవద్దు. ప్రతిసారీ ప్లగ్‌లు వేడెక్కి మీ చల్లటి ఇంజిన్ కాస్తా గోరువెచ్చనవుతుంది.

3.3 సెల్ఫ్ కొడుతున్నప్పుడు. బ్యాటరీ వోల్టేజీ సుమారు 9.6 కంటే కిందికి జారకూడదు. ఇంజిన్ వేగం నిమిషానికి 200 చుట్ల దరిదాపుల్లోనైనా ఉండాలి. రైలు ప్రెషర్ రెండు మూడు సెకన్లలోనే 200 బార్ల ప్రాంతానికి చేరాలి. చాలా ఈసీయూలు ఒక కనీస ప్రెషర్ రానిదే ఇంజెక్టర్లను తెరవనే తెరవవు. సెల్ఫ్ శబ్దాన్ని చెవితో వినండి. అన్ని సిలిండర్ల కంప్రెషన్ సమంగా ఉంటే అది ఒకే లయలో సాగుతుంది, ఒకటి బలహీనమైతే ప్రతి నాలుగో దెబ్బకు వేగం పెరిగినట్టు వినిపిస్తుంది. సెల్ఫ్ ఒక్కసారిగా గోడకు కొట్టినట్టు ఆగిపోతే మళ్లీ కొట్టవద్దు. సిలిండర్‌లో ద్రవం చేరి ఉండవచ్చు, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

3.4 మొదటి రెండు నిమిషాలు. యాక్సిలరేటర్ తొక్కవద్దు. స్కానర్‌లో సిలిండర్ల వారీ ఇంధన సవరణ అంకెలను రికార్డు చేయండి. చాలా బండ్లలో ప్లస్ అంకె అంటే, ఆ సిలిండర్ బలహీనంగా ఉన్నందున ఈసీయూ దానికి ఎక్కువ డీజిల్ ఇస్తోందని అర్థం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈ అంకె చూపని బండి అయితే, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు గురిపెట్టి, ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే గొట్టం వేడిని మొదటి నిమిషంలోనే వరుసగా చదవండి. మిగతావి వేడెక్కుతుంటే వెనుకబడే గొట్టమే మిస్సవుతున్న సిలిండర్‌ది. ఈ చౌక పరీక్ష ఖరీదైన స్కానర్‌ను ఓడించిన సందర్భాలు లేకపోలేదు.

3.5 వేడెక్కాక. కూలెంట్ 60 డిగ్రీలు దాటిన తర్వాత అవే అంకెలు మళ్లీ రాసుకోండి. చల్లని అంకెకూ వేడి అంకెకూ మధ్య తేడాయే ఈ మొత్తం ప్రయత్నానికి ఫలితం.

ఒక ఉదాహరణ చూడండి. స్టార్టు కాగానే మూడో సిలిండర్ సవరణ +3.4, మిగతా మూడూ సున్నాకు అటూఇటూగా ఉన్నాయనుకుందాం. నాలుగు నిమిషాల తర్వాత మూడోది +0.5కు దిగింది. ఇంజెక్టర్ నాజిల్ అరిగిపోయి ఉంటే వేడిలోనూ ఆ అంకె ఎంతో కొంత ఎత్తులోనే నిలిచేది. వేడితో పూర్తిగా నయమైంది కాబట్టి, ఆ సిలిండర్‌కు లోటు పడింది చాలావరకు డీజిల్ కాదు, వేడి. అంటే ముందు దాని హీటర్ ప్లగ్, తర్వాత దాని కంప్రెషన్ చూడాలి.

## 4. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్

హీటర్ ప్లగ్‌లు ఎంతసేపు వెలగాలో, ఎంత డీజిల్ ఎప్పుడు చిమ్మాలో, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మూసి ఉంచాలో లేదో ఈసీయూ ప్రధానంగా ఈ సెన్సర్‌ను అడిగే నిర్ణయిస్తుంది. తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీల చలిలో ఇది 45 చూపిస్తే, ఈసీయూ దృష్టిలో ఇంజిన్ అప్పటికే వెచ్చగా ఉన్నట్టు. ప్లగ్‌లు వెలగవు, బండి కుదుపుతుంది, కోడ్ మాత్రం పడదు, ఎందుకంటే 45 అనేది అసాధ్యమైన అంకె కాదు.

3.2లో కూలెంట్ అంకె మిగతా రెండింటితో కలవకపోతే సెన్సర్ కనెక్టరు విప్పి రెసిస్టెన్స్ కొలవండి. ఎక్కువగా వాడే బాష్ రకం సెన్సర్లలో ఇది 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరగాలి. సెన్సర్ సరిగ్గా ఉండి అంకె తప్పుతుంటే కనెక్టరులో తుప్పు, లేదా వైరులో రాపిడి చూడండి.

## 5. హీటర్ ప్లగ్‌లు

డీజిల్‌కు నిప్పు పెట్టేది కంప్రెషన్ వేడి. చల్లటి సిలిండర్ గోడలూ పిస్టన్ తలా ఆ వేడిని పీల్చేస్తాయి కాబట్టి, ఆ లోటును గ్లో ప్లగ్, అంటే మన షెడ్డు భాషలో హీటర్ ప్లగ్, భర్తీ చేస్తుంది. కామన్ రైల్ ఇంజిన్ మన వాతావరణంలో ప్లగ్‌లు లేకుండానే అందుకోవచ్చు. అందువల్లే ఒకటో రెండో మాడినా యజమానికి ఎండాకాలమంతా తెలియదు, నవంబరులో తెలుస్తుంది. స్టార్టయిన తర్వాత కూడా కొంతసేపు ప్లగ్‌లు వెలుగుతూనే ఉంటాయి. డాష్‌బోర్డు మీద స్ప్రింగు గుర్తు ఆరిపోయినంత మాత్రాన అవి ఆరినట్టు కాదు. ఆ వెనుకటి వెలుగు దెబ్బతింటే సరిగ్గా మనం చెప్పుకుంటున్న లక్షణాలే కనిపిస్తాయి: తేలిగ్గా స్టార్టు, ఆపై కుదుపు, పొగ.

5.1 కరెంటు పరీక్ష. 11 వోల్టుల మామూలు లోహపు ప్లగ్ మొదట్లో 15 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగి, వేడెక్కేకొద్దీ పది ఆంపియర్ల చుట్టుపక్కలకు దిగుతుంది. నాలుగూ బాగుంటే నాలుగింతలు కనిపించాలి. మొత్తం నాలుగింట మూడు వంతులే ఉంటే ఒకటి పోయింది. సగముంటే రెండు పోయాయి. అసలు ఏమీ లేకపోతే ప్లగ్‌లను తిట్టకుండా ఫ్యూజు, రిలే, మాడ్యూల్ వైపు చూడండి. ఆ ఉదయం చలి చాలకపోతే ఈసీయూ ప్లగ్‌లను వెలిగించకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

5.2 రెసిస్టెన్స్ పరీక్ష. పై వైరు తీసి, ప్లగ్ తలకూ ఇంజిన్ ఎర్త్‌కూ మధ్య కొలవండి. బాగున్నది సాధారణంగా ఒక ఓమ్ ప్రాంతంలోనో అంతకు తక్కువో ఉంటుంది. మీటరు తీగలకే రెండు మూడు పదో వంతుల రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి ముందు వాటిని ఒకదానికొకటి ఆనించి, ఆ అంకెను తీసివేయాలి. మీటరు ఏమీ చూపకపోతే ప్లగ్ లోపల తెగింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది: లోపలి కాయిల్ వేడెక్కే చోటు కొన నుంచి పైకి జారిన ప్లగ్ ఈ పరీక్షలో నెగ్గుతుంది, సిలిండర్‌లో ఓడిపోతుంది. మూడు ప్లగ్‌లు 0.6 చూపి నాలుగోది 1.1 చూపినా అది అనుమానితమే.

5.3 నేరుగా 12 వోల్టులు ఇవ్వవద్దు. బ్యాటరీకి తగిలించి ఎర్రబడుతుందా అని చూడటం షెడ్డులలో అలవాటు. కొత్త ఇంజిన్లలో 7 వోల్టులు, 4.4 వోల్టుల ప్లగ్‌లు ఉంటాయి, వాటికి మాడ్యూల్ విడతలు విడతలుగా కరెంటు ఇస్తుంది. వాటికి 12 వోల్టులు ఇస్తే క్షణాల్లో కొన కరుగుతుంది, సెరామిక్‌ది పగులుతుంది. వోల్టేజీ ప్లగ్ ఒంటి మీదే అచ్చువేసి ఉంటుంది, చదవండి.

5.4 విప్పే విధానం. విప్పేటప్పుడు ప్లగ్ విరిగితే వందల ఖర్చు వేలల్లోకి వెళ్తుంది, హెడ్ దించాల్సి రావచ్చు. అందుకే:

- రెండు రోజుల ముందు నుంచీ ప్లగ్ మొదలు చుట్టూ తుప్పు వదిలించే నూనె వేస్తూ ఉండాలి.
- ఇంజిన్‌ను బాగా వేడి చేసి, వేడి మీదే విప్పాలి.
- పొడవాటి రాడ్ పెట్టి లాగకూడదు. మాన్యువల్ ఇచ్చిన గరిష్ఠ టార్కు దాటకుండా, కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీయాలి.
- రంధ్రంలో పేరుకున్న మసిని తగిన రీమరుతో గీకి, ఊదేసిన తర్వాతే కొత్తది పెట్టాలి.
- బిగించేటప్పుడు టార్కు రెంచి వాడాలి. సన్నటి ప్లగ్‌కు చాలా తక్కువ టార్కే సరిపోతుంది.

తీసిన ప్లగ్ కొనను పారేయకముందు చూడండి. ఒకదాని కొన కరిగి గుంటలు పడి ఉంటే, దాని ఇంజెక్టర్ డీజిల్‌ను తుంపరగా కాక ధారగా పోస్తోందని అనుమానించాలి. ఒకటి తడిగా, నూనెగా ఉంటే కంప్రెషన్ చూడాలి. ఒకటి పోయిందంటే మిగతావాటి వయసూ అంతే కాబట్టి నాలుగూ కలిపి మార్చడమే నా సలహా.

లారీలలో చాలావాటికి హీటర్ ప్లగ్‌లు ఉండవు. వాటి బదులు ఇన్‌టేక్ దారిలో గాలిని వేడిచేసే గ్రిడ్ హీటర్ ఉంటుంది. అక్కడ రిలే కాంటాక్టులు, లావుపాటి వైరు చివర్లు చూడాలి.

## 6. డీజిల్, ఫిల్టరు, గాలి

6.1 గాలి. స్టార్టయిన వెంటనే పారదర్శక గొట్టంలోకి చూడండి. నిలకడగా సన్నటి బుడగల వరుస వస్తుంటే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గాలి చేరుతోంది. హై ప్రెషర్ పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకునే బండ్లలో ఈ లీకు బయటికి ఒక్క చుక్కా కార్చదు, లోపలికి గాలినే లాగుతుంది. చలికి కుంచించుకుపోయే ఫిల్టరు ఓ రింగు, నీళ్లు వదిలే స్క్రూ వాషరు, ప్లాస్టిక్ క్విక్ కనెక్టర్లు ముందు చూడాలి. లోపం మొన్నటి సర్వీసు తర్వాతే మొదలైతే ఫిల్టరు బిగింపు దగ్గరే వెతకండి.

నిర్ధారణకు తేలికైన దారి ఉంది. మర్నాడు ఉదయం సెల్ఫ్ కొట్టే ముందు ఫిల్టరు మీది చేతి పంపును గట్టిపడే దాకా నొక్కండి. ఆ రోజు తడబాటు లేకుండా స్టార్టయితే జవాబు దొరికినట్టే.

6.2 మైనం. డీజిల్‌లో సహజంగా ఉండే మైనం చలికి పలుకులుగా విడిపోయి ఫిల్టరు కాగితాన్ని మూసేస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం, ఫిల్టరు గుండా డీజిల్ పారగలిగే అతి తక్కువ ఉష్ణోగ్రతకు చలికాలంలో 6 డిగ్రీలు, వేసవిలో 18 డిగ్రీలు గరిష్ఠ పరిమితి. బంకులో దొరికేది తరచూ ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. అయినా అరుదుగా తీసే బండిలో సెప్టెంబరులో పోయించిన డీజిల్ జనవరి దాకా నిలిచి ఉంటే, లంబసింగి లాంటి చోట ఇబ్బంది పెట్టే అవకాశం ఉంది. చలి ముదిరేలోపు ఆ డీజిల్ వాడేసి కొత్తది పోయించడం మంచిది.

మన ఊళ్ల నుంచి లదాఖ్ వైపు బండ్లు తీసుకెళ్లేవారికి ఇది అసలు సమస్య. ఇక్కడ నింపిన ట్యాంకుతో మంచు కొండలెక్కితే ఏ ఇంజెక్టరూ చెడకుండానే బండి ఆగిపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల పోర్ పాయింట్ ఉన్న, అంటే అంత చలిలోనూ గడ్డకట్టని, శీతాకాలపు డీజిల్‌ను ప్రవేశపెట్టింది. పాత డీజిల్‌ను వీలైనంత తగ్గించుకుని, పైకి వెళ్లే దారిలో అక్కడి డీజిల్ నింపి, ఆ డీజిల్ ఫిల్టరు దాకా చేరేంత దూరం నడిపాకే రాత్రికి ఆపాలి.

గడ్డకట్టకుండా కలిపే మందులు డీజిల్ పారదర్శకంగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. మైనం విడిపోయాక పోస్తే అవి దాన్ని కరిగించవు. అప్పుడు బండిని వెచ్చటి చోటికి చేర్చడం, ఫిల్టరు మార్చడం తప్ప దారి లేదు.

6.3 నీళ్లు. ఫిల్టరు అడుగు స్క్రూ వదిలి, గాజు సీసాలోకి కొంచెం పట్టి చూడండి. అడుగున వేరుగా నిలిచేవి నీళ్లు. సున్నా డిగ్రీల కింద అవి గడ్డకట్టి దారి మూస్తాయి. మిగతా కాలంలో ఇంజెక్టర్లను తినేస్తాయి.

## 7. రైలు ప్రెషర్, ఇంజెక్టర్లు

ఇంజెక్టర్ల అంతర్గత లీకు, షెడ్డు మాటలో బ్యాక్ లీక్, డీజిల్ పలచబడిన కొద్దీ పెరుగుతుంది. అంటే వేడిలో ఎక్కువ, చలిలో తక్కువ. వేడి ఇంజిన్‌ను ఆపి వెంటనే స్టార్టు చేస్తే అందుకోని బండికి బ్యాక్ లీక్ అనుమానం సబబు. చలిలో మాత్రమే కుదిపి, వేడెక్కాక గడియారంలా నడిచే బండికి అదే కారణం చెప్పి నాలుగు ఇంజెక్టర్లు మార్పించడం సబబు కాదు.

ఐనా ఇంజెక్టరే తప్పు చేసే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, లోపల జిగురు పేరుకుని చల్లగా ఉన్నప్పుడు డీజిల్ దారి తెరిచే నీడిల్ ఆలస్యంగా కదలడం. ప్రధాన ఇంజెక్షన్‌కు ముందు చిమ్మే ఒకటి రెండు మిల్లీగ్రాముల పైలట్ డీజిల్ ఇలాంటి ఇంజెక్టర్ నుంచి రాదు, అప్పుడు సిలిండర్ గట్టిగా సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. రెండోది, నాజిల్ కారడం; తెల్లటి పొగకు తోడు ఆయిల్ మట్టం పెరగడం దీని గుర్తు.

వరుస ఇది:

- స్కానర్‌తో ఒక్కో సిలిండర్‌ను ఆపి చూడండి. ఏది ఆపితే శబ్దం మారదో అదే బలహీనమైనది. కనెక్టరు చేత్తో లాగవద్దు. ఇంజెక్టర్లకు ఈసీయూ ఇచ్చే వోల్టేజీ షాకు కొట్టేంత ఉంటుంది.
- ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ల మిగులు డీజిల్‌ను వెనక్కి తెచ్చే నాలుగు రిటర్న్ గొట్టాలనూ నాలుగు సీసాల్లోకి పెట్టి ఒక నిమిషం కొలవండి. మిగతావాటికి రెండు మూడు రెట్లు నిండినది అనుమానితం.
- వీలైన ఇంజిన్‌లో అనుమానిత ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌దానితో మార్చి, మర్నాడు చల్లటి స్టార్టు చూడండి. లోపం దానితోపాటు కదిలితే ఇంజెక్టర్, పాత చోటే ఉంటే సిలిండర్. మార్చినప్పుడు రాగి వాషరు కొత్తది వేయాలి, ఇంజెక్టర్ మీది కోడ్‌ను ఈసీయూలో నమోదు చేయాలి, ఒకసారి విప్పిన హై ప్రెషర్ పైపును మళ్లీ వాడవచ్చో లేదో మాన్యువల్‌లో చూడాలి.

ఇంజెక్టర్ మొదలు చుట్టూ తారులాంటి నల్లటి ముద్ద పేరుకుని, "చుఫ్ చుఫ్" అని వినిపిస్తుంటే రాగి వాషరు వదిలింది. అది కంప్రెషన్‌ను కూడా తినేస్తుంది.

## 8. కంప్రెషన్

ప్లగ్‌లు కొత్తవి, ఇంజెక్టర్ మారినా అదే సిలిండర్ కుదుపుతోందంటే ఇక ఇదే. హీటర్ ప్లగ్ రంధ్రాల గుండా, ఇంజెక్టర్ల సరఫరా ఆపి, నాలుగింటినీ కొలవండి. ఆరోగ్యంగా ఉన్నవి సాధారణంగా 25 నుంచి 30 బార్లు చూపుతాయి. సిలిండర్ల మధ్య మూడు నుంచి ఐదు బార్లకు మించి తేడా ఉండకూడదు. మాన్యువల్ వేడి ఇంజిన్ మీద కొలవమంటుంది. ఈ ఫిర్యాదుకు చల్లటి ఇంజిన్ మీద కూడా కొలిచి రెండూ పోల్చాలి.

తక్కువున్న సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడి నుంచి వస్తుందో వినండి. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సరులోనైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టరు వైపైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటరులో బుడగలైతే హెడ్ గాస్కెట్. టాపెట్ సెట్టింగ్ చేయాల్సిన ఇంజిన్ అయితే హెడ్ దించే ఆలోచనకు ముందు ఆ గ్యాపులు చూడండి.

## 9. ఈజీఆర్, థ్రాటిల్

చల్లటి ఇంజిన్‌లో ఈజీఆర్ వాల్వు మూసి ఉండటమే సాధారణం. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే, అసలే ఆక్సిజన్ కావలసిన వేళ కాలిన గాలి లోపలికి చేరి నాలుగు సిలిండర్లూ ఒకేలా తడబడతాయి. ఒక్క సిలిండర్ మాత్రమే మిస్సవుతుంటే ఈ భాగాన్ని వదిలేయవచ్చు. స్కానర్‌లో అడిగిన స్థానం, ఉన్న స్థానం పోల్చి, తేడా ఉంటే విప్పి శుభ్రం చేయండి. పక్కనే ఉన్న ఇన్‌టేక్ ఫ్లాప్ సగం మూసి ఇరుక్కుందేమో కూడా అప్పుడే చూడండి.

## 10. తరచూ జరిగే తప్పులు

స్టార్టింగ్ స్ప్రే కొట్టడం. ఎర్రగా ఉన్న హీటర్ ప్లగ్‌కు ఈథర్ తగిలితే పిస్టన్ తన సమయం కాకముందే పేలుడు దెబ్బ తింటుంది. ఇన్‌టేక్ గ్రిడ్ హీటర్ ఉన్న లారీలో గొట్టమే పేలవచ్చు.

కిరోసిన్, పెట్రోలు కలపడం. పాత పంపులు కిరోసిన్‌ను భరించాయి. కామన్ రైల్ పంపుకు డీజిలే లూబ్రికేషన్. అది పలచబడితే పంపు అరిగి, ఆ ఇనుప రజను రైలు, ఇంజెక్టర్లు మొత్తం పాకుతుంది.

డీజిల్ ట్యాంకు కింద, ఇంజిన్ ఆయిల్ సంపు కింద మంట పెట్టడం. కొండదారుల్లో కొందరు లారీ డ్రైవర్లు గుడ్డలు కాల్చి వెచ్చజేస్తారు. బండి అంటుకోవడానికి కారే ఒక్క చుక్క చాలు. ఫిల్టరు బయటి గిన్నె మీద వేడి నీళ్లలో ముంచిన బట్ట చుట్టండి.

స్టార్టవగానే రేస్ చేయడం. పొగ త్వరగా పోయినట్టు కనిపిస్తుంది, లోపం మాత్రం కనిపించకుండా పోతుంది. టర్బోకు ఆయిల్ అందకముందే దాన్ని తిప్పినట్టూ అవుతుంది.

ఒకేసారి రెండు భాగాలు మార్చడం. ఏది నయం చేసిందో తెలియదు. తెలియనప్పుడు లోపం తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచే.

## 11. మరమ్మతు తర్వాత

- ఈసీయూ కోడ్‌లు ఇప్పుడు చెరపండి.
- పారదర్శక గొట్టం తీసేసి, అసలు పైపు బిగించి, గాలి పూర్తిగా తీయండి. ఆ గొట్టం శాశ్వతంగా ఉంచేది కాదు.
- ఆయిల్ మట్టం కొలపుల్లతో చూడండి. మండని డీజిల్ కలిసి మట్టం పెరిగి ఉంటే ఆయిల్ మార్చాల్సిందే.
- బీఎస్-6 బండి అయితే, ఇన్నాళ్ల పొగ డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టరులో) ఎంత మసి నింపిందో స్కానర్‌లో చూసి, అవసరమైతే ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ చేయించండి.
- వరుసగా రెండు చల్లటి ఉదయాలు 3వ భాగంలోని అంకెలన్నీ మళ్లీ రాసి, పాత కాగితం పక్కన పెట్టి పోల్చండి. ఆ రెండు కాగితాలనూ సర్వీసు పుస్తకంలోనే దాచండి; వచ్చే చలికాలం మెకానిక్ ఇంజెక్టర్ల మాట ఎత్తితే ముందు వాటిని చూపించవచ్చు.